కోడి కూయాలంటే ఒక్క రిమోటే ఉండాలి

మా ఇంట్లో టీవీ ముందు ఒకప్పుడు మూడు రిమోట్లు, ఒక కీబోర్డు ఉండేవి. టీవీకొకటి, సెట్‌టాప్ బాక్సుకొకటి, స్పీకర్లకొకటి. కీబోర్డు మాత్రం నేను కట్టిన బుల్లి కంప్యూటర్‌ది. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, బాణం గుర్తు కోసం వెతికి వెతికి పక్కన పెట్టేసేది. "నువ్వొచ్చాక చూస్తాలేరా" అనేది. డిస్కు నిండా ఆమెకిష్టమైన పాత సినిమాలు, మా అక్క పెళ్ళి క్యాసెట్టు నుంచి ఎక్కించిన వీడియో. ఆమె చేతికి మాత్రం ఏదీ అందేది కాదు.

ఇలా టీవీకి కలిపే కంప్యూటర్, అంటే హోమ్ థియేటర్ పీసీ, కట్టేవాళ్ళు 'పదడుగుల దూరం' అనే మాట వాడతారు. మామూలు కంప్యూటర్‌ని రెండడుగుల నుంచి చూస్తాం, దీన్ని సోఫాలోంచి చూడాలి. అక్షరం పెద్దది కావాలి, పని నాలుగైదు బటన్లతో అయిపోవాలి. ప్రాసెసర్ గురించీ మెమరీ గురించీ గంటలు మాట్లాడుకుంటాం గానీ, నన్నడిగితే ఈ విద్యలో సగం పనితనం రిమోట్‌లోనూ తెరలోనూ ఉంది.

నా డబ్బా రాస్ప్‌బెర్రీ పై 4. ఏటీఎం కార్డంత బోర్డు. దాని మీద లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టం, అందులో సినిమాలు ఆడించే కోడి అనే ప్రోగ్రాం. ఆ పేరు ఎత్తితే చాలు, మా నాన్న "ఇంకా కూయలేదేం?" అంటాడు. 2002లో ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టెని సినిమా పెట్టెగా మార్చిన ఔత్సాహికుల ప్రోగ్రాం ఇది. చాలాకాలం ఎక్స్‌బీఎంసీ అన్నారు, 2014లో కోడి అయింది. అదే 2002లో మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ మీడియా సెంటర్ తెచ్చింది. దాని రిమోట్ మీది ఆకుపచ్చ బటన్ పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 2015లో విండోస్ 10 రాగానే దానికి మంగళం పాడేశారు. ఔత్సాహికుల సరుకు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

రిమోట్ సంగతికొద్దాం. మనం బటన్ నొక్కితే దాని ముక్కు దగ్గరున్న ఎల్ఈడీ కంటికి కనిపించని పరారుణ కాంతితో మినుకుమంటుంది. ఫోన్ సెల్ఫీ కెమెరా ఎదుట పెట్టి నొక్కి చూడండి, ఊదారంగులో వెలుగుతుంది. రిమోట్ బతికుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. ఆ మినుకు సెకనుకు 38 వేల సార్లు. ఎండలోనూ బల్బు వెలుతురులోనూ ఉండే పరారుణ కాంతి ఆ వేగంతో మినుకుమనదు కాబట్టి, రిసీవర్ మిగతాదంతా వదిలేసి దీన్నొక్కదాన్నే వింటుంది. ఎక్కువ రిమోట్లు వాడే ఎన్ఈసీ పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పొడవాటి వెలుగు, 4.5 మిల్లీసెకన్ల చీకటి, ఆ వెనక 32 బిట్లు. ఫిలిప్స్ వాళ్ళ ఆర్సీ-5 దారి వేరు: 36 కిలోహెర్ట్జ్, 14 బిట్లు.

రాస్ప్‌బెర్రీ పైకి రిసీవర్ కన్ను లేదు. మనమే పెట్టాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో టీఎస్ఓపీ 4838 అని అడిగితే మూడు కాళ్ళ నల్లటి బొడిపె చేతిలో పెడతారు. ఇక్కడే నేను బోర్లా పడ్డాను. పాత 1738కి గీసిన బొమ్మ చూసి 4838కి వైర్లు కలిపేశాను. పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నా కాళ్ళ వరస వేరు. పాతదాన్ని ఉబ్బెత్తు ముఖం మనవైపు పెట్టి ఎడమ నుంచి చూస్తే గ్రౌండు, కరెంటు, సిగ్నల్. కొత్తదానికి సిగ్నల్, గ్రౌండు, కరెంటు. స్విచ్ వేసిన అర నిమిషానికి బొడిపె ముట్టుకుంటే చురుక్కుమంది. రెండోది కొన్నాక సరిగ్గా కలిపాను: కరెంటు బోర్డు మీది 1వ పిన్నుకి, అంటే 3.3 వోల్టులకి, గ్రౌండు 6కి, సిగ్నల్ 12కి. పాత 1738 అయితే 5 వోల్టులు అడుగుతుంది, బోర్డు మీది సిగ్నల్ పిన్నులు అంత తట్టుకోలేవు. అందుకే 4838 కొనాలి.

ఆ తర్వాతి పని నాకు భలే ఇష్టం. కాన్ఫిగ్ ఫైల్లో పరారుణ రిసీవర్ వరస ఒకటి చేర్చి, కోడిని కాసేపు ఆపి, ఐఆర్-కీటేబుల్ అనే కమాండుని పరీక్ష మోడ్‌లో నడిపించి, కబోర్డులో పడున్న పాత డీవీడీ ప్లేయర్ రిమోట్ తీసి నొక్కాను. నొక్కిన ప్రతి బటన్‌కీ తెర మీద ఒక సంఖ్య పడింది. ప్లేయర్ పోయి ఎన్నేళ్ళయిందో, దాని రిమోట్ ఇంకా మాట్లాడుతోంది. ఏ సంఖ్య వస్తే ఏ పని చేయాలో ఒక చిన్న ఫైల్లో రాసుకోవడమే మిగిలింది. ఆ రిమోట్‌కి నలభైకి పైగా బటన్లుంటే నేను రాసింది ఎనిమిదింటికి: నాలుగు బాణాలు, ఓకే, వెనక్కి, ఆపు-సాగించు, ఆగిపో. మిగతావి నొక్కినా ఏమీ జరగదు. మొదట్లో అన్నిటికీ పనులు అప్పజెప్పాను. అమ్మ వేలు ఏదో బటన్‌కి తగిలి సబ్‌టైటిళ్ళు కొరియన్‌లోకి మారిన రోజు అన్నీ పీకేశాను.

వైర్ల గొడవ వద్దనుకుంటే హెచ్‌డీఎంఐ-సీఈసీ ఉంది. హెచ్‌డీఎంఐ కేబుల్లో 13వ పిన్ను దీనికే కేటాయించారు. టీవీ రిమోట్ నొక్కితే టీవీయే ఆ సంగతి డబ్బాకి చేరవేస్తుంది. శామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్జీ సింప్‌లింక్, సోనీ బ్రావియా సింక్. టీవీ సెట్టింగుల్లో ఆ పేరు వెతికి ఆన్ చేయాలి. ఇది నత్తనడక తీగ, ఒక్క బటన్ కబురు చేరడానికే దాదాపు 75 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా ఎంచుకోవడానికి అది చాలు. ఒక్క జాగ్రత్త: కోడి సెట్టింగుల్లో 'టీవీ ఆపినప్పుడు' అన్నచోట 'ఏమీ చేయవద్దు' అని పెట్టండి. నేను 'షట్‌డౌన్' అని పెట్టాను. నాన్న రాత్రి టీవీ ఆపాడు, పొద్దున్నే రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. రాస్ప్‌బెర్రీ పై 4 పూర్తిగా ఆగిపోతే రిమోట్‌తో లేవదు, ప్లగ్ పీకి పెట్టాల్సిందే.

ఇక తెర. టీవీ తన జాతకాన్ని 128 బైట్ల ముక్కలుగా రాసిపెట్టుకుంటుంది, పేరు ఈడీఐడీ. డబ్బా అది చదివి ఏ కొలతలో బొమ్మ పంపాలో నిర్ణయించుకుంటుంది. టీవీ పూర్తిగా ఆపి ఉండగా డబ్బా మొదలైతే జాతకం చేతికి రాక తెర నల్లగా మిగిలిపోవచ్చు. లిబ్రెఎలెక్‌లో ఒక్క కమాండుతో జాతకం నకలు దాచుకునే వీలుంది. బొమ్మ అంచులు తెగి, మూలనున్న గడియారం సగమే కనిపిస్తోందంటే అది పాత పిక్చర్ ట్యూబుల కాలం నుంచి వస్తున్న ఓవర్‌స్కాన్. టీవీలో 'జస్ట్ స్కాన్' అనో 'స్క్రీన్ ఫిట్' అనో ఉంటుంది, అది పెడితే పోతుంది. నలుపు బూడిదరంగులో కనిపిస్తే డబ్బా, టీవీ చెరో రంగుల శ్రేణి పట్టుకున్నాయని. ఒకటి 0 నుంచి 255, ఇంకోటి 16 నుంచి 235. రెండు చోట్లా ఒకటే పెట్టాలి.

చాలామంది పట్టించుకోనిది కదలిక. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ 60 సార్లు గీస్తుంది. అరవైని ఇరవైనాలుగు భాగించదు కాబట్టి ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు, అంటే 33 మిల్లీసెకన్లు ఒకటి, 50 ఒకటి. కెమెరా ఏటి ఒడ్డు వెంట మెల్లగా సాగే షాట్లో ఒడ్డు కుంటుతుంది. కోడిలో రిఫ్రెష్ రేటు వీడియోకి తగ్గట్టు మారేలా పెడితే టీవీ 24కి దిగుతుంది. మన పాత దూరదర్శన్ రికార్డింగులు 25 ఫ్రేములవి, వాటికి 50కి మారుతుంది. ఒకే షాట్‌ని ముందూ తర్వాతా చూపించాను. నాన్నకి తేడా తెలియలేదు. నాకు మాత్రం ఇక పాత పద్ధతిలో చూడబుద్ధి కాలేదు.

తెలుగు పేర్లు గళ్ళుగళ్ళుగా కనిపిస్తే స్కిన్ సెట్టింగుల్లో ఫాంటుని ఏరియల్‌కి మార్చి చూడండి. సబ్‌టైటిల్ ఫైలు యూటీఎఫ్-8లో దాచినదై ఉండాలి.

ఇరవై నిమిషాలకో ప్రకటన, కంపెనీ పేరు అచ్చేసిన బటన్లున్న రిమోట్లు వచ్చిన ఈ రోజుల్లో ఇంత పని ఎందుకని అడిగేవాళ్ళున్నారు. అక్క పెళ్ళి వీడియో ఏ యాప్‌లోనూ దొరకదు. దాన్ని అమ్మ ఇప్పుడు ఎవరినీ పిలవకుండా పెట్టుకుంటోంది. మీరు కూడా కడితే, ఎనిమిది బటన్ల ఫైలు పూర్తవగానే దాని నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టండి. ఇవన్నీ ఉండేది డబ్బాలోని ఎస్‌డీ కార్డు మీదే, అది చెప్పి చెడిపోదు.