గోడ మీది తాత, టికెట్టు మీది తాత

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తమ వంశం సంగతి తెలుసుకోవాలనుకున్నవాళ్లు ముందుగా తలెత్తి చూసేది వసారా గోడని. దూలాల కిందుగా, కాస్త ముందుకు వాలేట్టు కట్టిన ఫోటోల వరస అక్కడుంటుంది. తెలుగు జిల్లాల నుంచి ఓడెక్కి మారిషస్ చేరినవాళ్ల మునిమనుమలు ఇదే పనికి పూనుకుంటే, అక్కడి మోకా ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి వలస రిజిస్టర్లు తీయించుకోవాలి. మొదటిది మనం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో. రెండోది సర్కారు తీసి, టికెట్టుకు అంటించి కూలీ చేతిలో పెట్టిన ఫోటో. నాకు రెంటిమీదా మమకారమే. రెంటినీ పక్కపక్కన పెడితేనే దేనికేం తక్కువైందో బయటపడుతుంది.

గోడ ఫోటో మనకు కొత్త కాదు. పత్తి అమ్మి నాలుగు డబ్బులు చేతిలో ఆడినప్పుడో, 1920ల తర్వాత వర్జీనియా పొగాకు కలిసొచ్చినప్పుడో, బండి కట్టుకుని గుంటూరో తెనాలో ఒంగోలో పోయి స్టూడియోలో దిగిన ఫోటో అది. వెనక తెర మీద ఎవరూ కాపురముండని మేడ, మెట్లు, పూలకుండీలు. కుర్చీలో తలపాగాతో పెద్దాయన, పక్కన నిలబడ్డ ఆయన భార్య. కాసులపేరు కనిపించేట్టు ఆమె పమిట సర్దిన చెయ్యి ఎవరిదో ఫోటోలో ఉండదు గానీ, ఆ సర్దడం ఉంటుంది. ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, కొత్తకోడలు ఏ కొసన ఉండాలి అన్నది ఇంటి కట్టుబాటే తేల్చింది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని బతికుండగా కెమెరా ముందుకు రాని పెద్దలూ ఉండేవాళ్లు. అలాంటివాళ్లను పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ పిల్లాజెల్లా నిలబడి తీయించుకున్నారు. ఈ కాలంవాళ్లకు వాటిని చూస్తే భయమేస్తుంది. కన్నవాళ్ల ముఖం మళ్లీ కనబడదన్న ఆరాటం నాకు వాటిలో కనిపించినంతగా ఇంకే ఫోటోలోనూ కనిపించలేదు.

మారిషస్ ఫోటోకి ఈ హంగులేమీ లేవు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లదాకా చెరకు పనికి ఒప్పందం మీద సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయ కూలీలు ఆ దీవిలో దిగారు. పోర్ట్ లూయిస్‌లో వాళ్లు ఒడ్డుకు చేరిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఒప్పందం గడువు తీరిన కూలీ కూడా తన ఫోటో అంటించిన టికెట్టును దగ్గర ఉంచుకోవాలని 1867 నాటి కార్మిక చట్టం శాసించింది. అడిగినప్పుడు చూపలేకపోతే దేశదిమ్మరి కింద లెక్కగట్టి పట్టుకుపోయేవారు. ఈ వేధింపుల మీద 1871లో 9,401 మంది పాత కూలీలు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లాయన సాయంతో గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడు రాయల్ కమిషన్ విచారణకు వచ్చింది. టికెట్టు మీది ముఖాన్ని చూసేటప్పుడు ఆ అర్జీ కూడా గుర్తుండాలి. మన పెద్దాయన దర్జా కోసం కెమెరా ముందు కూర్చుంటే, ఆ కూలీ రేపు రోడ్డు మీద పట్టుబడకుండా ఉండడానికి కూర్చున్నాడు.

ఇంత తేడాలోనూ రెంటికీ చుట్టరికం ఉంది. ఇక్కడా నవ్వు లేదు, అక్కడా లేదు. అలాగే చేతులు గమనించండి. గోడ ఫోటోలో చేతులు మోకాళ్ల మీద బోర్లించి ఉంటాయి. అవి పత్తి తీసిన వేళ్లా, మిరపకాయలు కోసి రాత్రంతా మండిన వేళ్లా అన్నది అందులో తెలియదు. టికెట్టు ఫోటో ఛాతీ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి చెరకు నరికిన చేతులు అసలే పడవు. చాకిరీని రెండూ దాచిపెట్టాయి, ఒకటి పరువు కోసం, ఇంకొకటి అక్కర్లేక.

అసలు తేడా రాతలో ఉంది. గోడ ఫోటోకి బంధుత్వం తెలుసు, అక్షరం తెలియదు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ నిలబడ్డ వరసే చెబుతుంది. వాళ్ల పేర్లు మాత్రం ఇంట్లో ఉన్న నాయనమ్మకో మేనత్తకో తెలుసు. ఆమె పోయిన మర్నాటి నుంచి ఆ కొసన నిలబడ్డ పిల్ల ఎవరో చెప్పేవాళ్లుండరు. అట్ట వెనక్కి తిప్పితే మహా ఉంటే స్టూడియో ముద్ర ఉంటుంది. టికెట్టు ఫోటో సంగతి దీనికి తలకిందులు. దానికి వరస తెలియదు గానీ, రాత పుష్కలం. టికెట్టు మీది నంబరు పట్టుకుని రిజిస్టరు తీస్తే పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ, ఊరు, జిల్లా, ఎక్కిన ఓడ అన్నీ దొరుకుతాయి. మన గోడల మీది ఏ ముత్తాతకి నుదుట మచ్చ ఉండేదో మనం చెప్పలేం. అక్కడి గుమస్తా ముక్కూముఖం తెలియని కూలీకి కూడా ఆ వివరం రాసిపెట్టాడు. కాపలా కోసం రాసిన రాతే మనుమలకు ఆస్తి అయింది. నాకు ఇది మింగుడుపడని నిజం, అయినా నిజమే.

అయితే ఆ రాతను చదవడానికి ఈ నేల చరిత్ర తెలియాలి. మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లలో ఉత్తర కోస్తా, గోదావరి వైపు వాళ్లే ఎక్కువ. మన వైపు మనిషి కోసం వెతికేవాళ్లు మాత్రం గుంటూరు అన్న పేరు కోసం చూసి కనబడలేదని పుస్తకం మూసేయకూడదు. 1859లో పాత గుంటూరు జిల్లాను రద్దుచేశారు. మళ్లీ ఏర్పడింది 1904లో. ఓడలు జోరుగా నడిచిన ఆ మధ్యకాలంలో గుంటూరు మనిషి కృష్ణా జిల్లావాడు, ఒంగోలు మనిషి నెల్లూరు జిల్లావాడు. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. బాపట్ల, పల్నాడు జిల్లాలు మొన్న 2022లో వచ్చినవే. అంతకన్నా పెద్ద చిక్కు ఇంటిపేరుది. మనకు ఇంటిపేరు తరాలు దాటుతుంది, చాలాసార్లు అదే పూర్వీకుల ఊరు కూడా. కూలీకి మాత్రం గుమస్తా రాసుకున్న ఒంటిపేరే మిగిలింది. అప్పన్న, నర్సింహులు లాంటి పేర్లే మనుమల నాటికి ఇంటిపేర్లయి కూర్చున్నాయి.

ఈ రెంటి నడుమ ఇంకో ఫోటో ఉంది. దాన్ని వదిలేస్తే ఈ పోలిక పై కులాల గోడల దగ్గరే ఆగిపోతుంది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్, 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ క్లౌ, వాళ్ల వెనక వచ్చినవాళ్లు ఇక్కడ బళ్లూ ఆసుపత్రులూ పెట్టారు, వాటి ఫోటోలు అమెరికాకు పంపారు. మాల మాదిగ కుటుంబాలు చాలావాటికి అందుబాటులో ఉన్న అతి పాత ముఖాలు అవే. స్టూడియో గుమ్మం తొక్కే స్తోమత లేని రోజుల్లో వాళ్లు బడి ముందు, గుడి ముందు గుంపుగా నిలబడ్డారు. టికెట్టులాగే ఇదీ పరాయివాళ్లు తీసిందే, గోడ ఫోటోలాగే కింద పేర్లు లేనిదే. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న లెక్క అందరికీ తెలుసు. ఆ 2,222 మందిలో తమ ముత్తవ్వ ఎవరో చెప్పగలిగిన ఇళ్లు ఎన్నున్నాయి? అమెరికా చేరిన ఆ మిషను ఫోటోలను మన ఊళ్లకు తిరిగి తెప్పించి, గుర్తుపట్టగలిగిన ముసలివాళ్ల ముందు పరచాల్సిన పని ఉంది.

వలస అంటే ఓడలే కానక్కర్లేదు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక వర్ని, బోధన్ వైపు, 1953 తర్వాత తుంగభద్ర కాలువల కింద సింధనూరు, గంగావతి వైపు మన రైతులు పోయి క్యాంపులు కట్టుకున్నారు. వాళ్లకు ఇంటిపేరు పోలేదు, రాకపోకలు తెగలేదు, తాత ఫోటోకి కాపీ తీయించుకుని కొత్త గోడకు తగిలించుకున్నారు. నీళ్ల కోసం ముందే లెక్కచూసుకుని కదిలినవాళ్లకూ, కరువుకు తాళలేక పోయినవాళ్లకూ తేడా అదే. 1832-33 నాటి నందన కరువు, 1876-78 నాటి ధాత కరువు ఈ జిల్లాల్లో ఇళ్లకిళ్లనే ఖాళీ చేశాయి. అప్పుడు పోయినవాళ్ల గురించి ఇళ్లలో మిగిలింది ఒక్క మాటే: దేశాలు పట్టిపోయాడు.

అలా పోయినవాడు గోడ ఫోటోలో ఉండడు, ఆ ఫోటో దిగేనాటికే అతను లేడు. టికెట్టు ఫోటోలో అతని అన్నదమ్ములుండరు. రెండు వైపులా వెతికేవాళ్లకు దొరికే ఉమ్మడి ఆధారం తండ్రి పేరు. అక్కడ అది రిజిస్టరులో ఇంకో భాషలో, గుమస్తా చెవికి తోచినట్టు రాసి ఉంది. ఇక్కడ కమ్మ, రెడ్డి ఇళ్లకు గోత్రాలూ వంశాలూ చెప్పే పిచ్చుకుంట్లవాళ్ల నోట్లో, తద్దినాల్లో మూడు తరాల పేర్లు చదివే ఇళ్లలో, ముసలమ్మల జ్ఞాపకంలో ఉంది. మారిషస్ నుంచి ఆ పేరు పట్టుకుని వచ్చినవాళ్లను మనం గోడ దగ్గరికి తీసుకుపోతాం, మంచిదే. తీసుకుపోయే ముందు ఆ ఫోటోలు దించి, వెనక పేర్లు రాయించాలి. చెప్పగలిగినవాళ్లు ఇంకా ఊళ్లో ఉన్నారు.