మంచం పక్కన పని

మా బండారులంకలో గుంట మగ్గం మీద ఏళ్ల తరబడి నేసినవాళ్లకి పెద్దవయసులో నడుం పోతుంది, కాళ్లు పట్టేస్తాయి. అలా మంచం పట్టినవాళ్ల ఇళ్లకి సంఘం నుంచి ప్రార్థనకి వెళ్తుంటాం. ప్రార్థన చేసి, ఇచ్చిన టీ తాగి లేచి వచ్చేస్తే పరిచర్య సగంలో ఆగిపోయినట్టేనని నా నమ్మకం.

మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే నడుం దిగువన, తుంటి దగ్గర, మడమల మీద ఎముక ఒత్తుకుని పుండు పడుతుంది. తడిసిన దుప్పటి మార్చడానికి మనిషిని ఎత్తక్కర్లేదు. ఒక పక్కకి తిప్పి, పాతది వీపు దాకా చుట్టి, ఉతికింది దాని పక్కనే పరిచి, మనిషిని ఇటు తిప్పి పాతది అటునుంచి లాగేయాలి. ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది. "మామ్మగారూ, ఇటు తిప్పుతున్నామండీ" అని ముందే చెప్పాలి, చెప్పకుండా ముట్టుకుంటే ఒళ్లు బిగుసుకుంటుంది. భక్తి ఎంతున్నా ఈ పని నేర్చుకుంటేనే వస్తుంది.

చేతిపనికీ పరిచర్యకీ పొత్తు కొత్తది కాదు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి మన డెల్టాకి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో సువార్త చెప్పిన విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. తోలు పనిచేసేవాళ్లని ఊరి బయట ఉంచిన నేల మీదికి ఆ పని ఎరిగిన చేతులతోనే ఒక బోధకుడు వచ్చాడు. అది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. పౌలు డేరాలు కుట్టాడు, యేసు వడ్రంగం చేశాడు. శిష్యుల కాళ్లు కడిగిన రాత్రి ఆయన నడుముకి తువాలు కట్టుకున్నాడనీ, కడిగాక దానితోనే తుడిచాడనీ యోహాను మరిచిపోకుండా రాశాడు. తడి ఆరనిచోట ఒళ్లు చెడుతుందని తెలిసినవాళ్లకి ఆ తుడవడం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

వాక్యం చెప్పడానికి మగవాళ్లు ముందుంటారు, మలమూత్రాలు ఎత్తే పని మాత్రం ఆడవాళ్లకే మిగులుతోంది. ఇది నన్ను బాధపెడుతోంది. అందుకే ఆరాధన అయ్యాక మగవాళ్లకీ ఈ పని నేర్పమని సంఘంలోని స్త్రీలనే అడిగాం. ముందు దుప్పటి మార్చడం. ఆ తర్వాత పుండుని మొదట్లోనే పసిగట్టడం: ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలి చూడాలి, నొక్కినా ఆ ఎరుపు తగ్గకపోతే ఆ పక్క మీద ఇక పడుకోబెట్టకుండా నర్సమ్మగారికి కబురు చేయాలి.