మూలన కూర్చున్న బేస్

మన ఇళ్ళలో సబ్‌వూఫర్ ఎక్కడుండాలో నిర్ణయించేది ప్లగ్‌పాయింటు. టీవీ పక్కన ఖాళీగా మిగిలిన మూల దానికి రాసిపెట్టి ఉంటుంది. డబ్బా మీద ఓ అల్లికల గుడ్డ, గుడ్డ మీద పూలకుండీ. నాబ్ సగం దాటించగానే కిటికీ అద్దాలు వణుకుతాయి, వచ్చిన చుట్టాలు "బేస్ అదిరిపోయింది" అంటారు. నిజానికి అదిరేది ఆ గదికి నచ్చిన ఒకటో రెండో స్వరాలు. పాట ఏది పెట్టినా అవే మోగుతుంటాయి.

నేను పాటలు వినే గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే. శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. ఆ అంకెను గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే, ఆ జంట గోడలు ఎక్కడ మొదటిసారి గట్టిగా మోగుతాయో తెలుస్తుంది. 12 అడుగులకు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో 56 దగ్గర రెండు మోతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. బేస్ గిటార్లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్, దాని పక్కది 55. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ పాటకు తోడుగా తన దారిన తాను ఇంకో రాగం నడుపుతుంటుంది. గది ఒక స్వరానికి కేకేసి, పక్క స్వరానికి నోరు మూసుకుంటే ఆ నడక కుంటిదవుతుంది. నా పట్టుదలంతా ఆ నడక కోసమే, దడదడ కోసం కాదు.

తొట్టిలో నీళ్ళు ఊపితే రెండు చివర్లా లేచి పడతాయి, నడిమధ్య మట్టం కదలదు. గదిలో గాలి ఒత్తిడిదీ అదే తీరు. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే 47 హెర్ట్జ్ మీద పడుతుంది. పొడవుకు సరిగ్గా మధ్యలో కూర్చుంటే అదే 47 మాయమైపోతుంది. అందుకే గది పొడవులో 38 శాతం దగ్గర కుర్చీ వేసి మొదలుపెట్టమంటారు. నా గదిలో అది గోడ నుంచి నాలుగున్నర అడుగులు. అదేమీ శాసనం కాదు, అక్కడి నుంచి అటూ ఇటూ జరుపుకోవాలి.

డబ్బాకు చోటు వెతకడానికి ఒక పాత పద్ధతుంది. మనం కూర్చునే చోట సబ్‌వూఫర్ పెట్టి, బేస్ బాగా ఉన్న పాటేదో నడిపిస్తూ, చెవి నేలకు దగ్గరగా ఉంచి గోడల వెంబడి పాకాలి. స్వరాలన్నీ సమంగా వినిపించిన చోట డబ్బాను పెట్టాలి. శబ్దం డబ్బా నుంచి కుర్చీకి వెళ్ళినా, కుర్చీ నుంచి డబ్బా వైపు వెళ్ళినా దారి ఒకటే కాబట్టి ఇది పనిచేస్తుంది. పాకుతుంటే ఇంట్లోవాళ్ళు "ఏం పడిపోయిందండీ?" అని వెతకడానికి వస్తారు. రానివ్వండి.

తరవాత కొలవాలి. చెవి దేనికైనా అలవాటు పడిపోతుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేం. ఫోన్లోని డెసిబెల్ యాప్ కూడా చాలదు. మామూలుగా వాడే ఏ-వెయిటింగ్ కొలత 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెళ్ళు తగ్గించి చూపిస్తుంది. జాన్ మల్కహీ తయారుచేసిన రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సవరణ ఫైలుతో వచ్చే యూఎస్‌బీ కొలత మైకు ఒకటి కొనుక్కుంటే చాలు. చెవి ఉండే ఎత్తులో మైకు నిలబెట్టి, ఫ్యాను ఆపి (మే నెలలో ఇది తపస్సే), 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్ (కింది నుంచి పైకి ఆగకుండా ఎక్కే ధ్వని) నడపండి. గ్రాఫ్ రాకముందే ఇల్లు మాట్లాడటం మొదలుపెడుతుంది. ఒకచోట బీరువా హ్యాండిల్, ఇంకోచోట షోకేసు అద్దం, అటక మీద స్టీలు సామాను. వాటి నోరు ముందు మూయించాలి.

తెర మీదికొచ్చే గీత కొండలూ గుంతలుగా ఉంటుంది. కుర్చీ ఒక్క అడుగు జరిపి మళ్ళీ కొలిస్తే కొండ చోట గుంత కనిపించవచ్చు. అప్పటికీ మిగిలిన కొండల్ని ఈక్యూతో, అంటే ఈక్వలైజర్‌తో, కోయండి. గుంతను మాత్రం పూడ్చబోకండి. 12 డెసిబెళ్ళ గుంతకు ఆంప్లిఫయర్ సుమారు 16 రెట్లు పవర్ పొయ్యాలి. పోసినా, నేరుగా వచ్చే అలనూ గోడకు తగిలి తిరిగొచ్చే అలనూ కలిపి పెంచుతుంది కాబట్టి అవి మళ్ళీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

అమెరికా పుస్తకాల్లోని సలహాలు చదివేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి ఇళ్ళలో చెక్క చట్రం మీద బిగించిన జిప్సమ్ బోర్డు గోడలు ఎక్కువ. అవి తామూ కాస్త కదిలి బేస్‌ను కొంత మింగుతాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన ఇటుక గోడలూ కాంక్రీటు స్లాబూ దాన్ని లోపలే పట్టి ఉంచుతాయి. మన గదుల్లో మోత ఆలస్యంగా చల్లారేది అందుకే. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించినవాళ్ళను చూశాను. 50 హెర్ట్జ్ అల పొడవు 22 అడుగులకు పైనే, అంగుళం అట్టను అది లెక్కచెయ్యదు.

స్పీకర్లకు, సబ్‌వూఫర్‌కు మధ్య గీత 80 హెర్ట్జ్ దగ్గర గీయడం హోమ్ థియేటర్లలో టీహెచ్ఎక్స్ స్థిరపరిచిన అలవాటు. పాటలకూ అది మంచి మొదలు. ఫేజ్ స్విచ్‌ను 0లో, 180లో పెట్టి రెండిటినీ కలిపి కొలవండి, 80 చుట్టూ గీత పైకి నిలిచిన వైపే ఉంచండి. రెండో సబ్‌వూఫర్ కొనే స్తోమత ఉంటే ఎదురెదురు గోడల మధ్యల్లో పెట్టాలి. హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ చేసిన పరిశోధనలో తక్కువ ఖర్చుతో మంచి ఫలితమిచ్చిన అమరికల్లో అదొకటి.

ఇవన్నీ సరిగా కుదిరాక మొదట వచ్చే ఫిర్యాదు "బేస్ తగ్గిపోయిందేంటి?" అని. మా మేనల్లుడూ అదే అన్నాడు, "మామయ్యా, చెడిపోయిందా?" అని. 56 దగ్గరి మోత పోతే మొదట వెలితిగానే ఉంటుంది. వారం పాటు బాగా ఎరిగిన పాటలే వినండి. అప్పటికీ చాలదనిపిస్తే నాబ్ మూడు డెసిబెళ్ళు పెంచుకోండి, గ్రాఫ్ చూసి ఎవరూ మార్కులు వెయ్యరు. కానీ ఇంకా పెద్ద డబ్బా కొందామనుకునేవాళ్ళు మాత్రం దుకాణానికి వెళ్ళే ముందు ఉన్నదాన్ని ఆ మూల నుంచి లాగి, ఒకసారి కొలిచి చూడండి.