అగ్నిపరీక్ష అవసరమా? - ‘ది అవుట్‌సైడర్స్’ నవల: ఒక పునఃపరిశీలన

వీధిముఠాలను గురించి లభించే లిఖిత సాక్ష్యంలో అధికభాగం పోలీసు ఠాణాలలోను, న్యాయస్థానాలలోను తయారైనదే. అందులో బాలుడు నిందితుడుగానే ప్రవేశిస్తాడు. అతని వయస్సు, తండ్రిపేరు, నివాసం, చేసిన నేరం వరుసగా నమోదవుతాయి. ఆ రాత్రి అతడు ఇంటికి ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్నకు ఆ పత్రంలో గడి ఉండదు. ఆ ఖాళీని పూరించిన రచనలలో అమెరికన్ రచయిత్రి ఎస్.ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’ ముఖ్యమైనది. 1967లో వెలువడిన ఈ నవలను నేడు మళ్లీ చదవవలసిన కారణాలు సాహిత్య సంబంధమైనవే కాక, పాలనకు, న్యాయానికి సంబంధించినవి కూడా.

హింటన్ 1948లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో జన్మించింది. పదిహేనవ ఏట ఈ నవలకు శ్రీకారం చుట్టింది. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమె వయస్సు పద్దెనిమిది. మగపిల్లల ముఠాలను గురించి ఒక బాలిక వ్రాసిందంటే విమర్శకులు తేలికగా తీసుకుంటారేమోనని ప్రకాశకులు పేరును పొడి అక్షరాలకు కుదించారు. కాలిఫోర్నియాలోని ఒక పాఠశాల గ్రంథపాలకురాలు, విద్యార్థులు కలిసి వ్రాసిన విజ్ఞప్తి దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలాను కదిలించగా, 1983లో ఇది చలనచిత్రమైంది. దీని ఆధారంగా రూపొందిన సంగీత నాటకం 2024లో టోనీ పురస్కారం పొందింది. యాభై ఏళ్లకు పైగా పిల్లలు స్వయంగా కాపాడుకుంటూ వచ్చిన నవల ఇది.

కథ చెప్పేవాడు పద్నాలుగేళ్ల పోనీబాయ్. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో మరణించారు. పెద్దన్న డారీ ఇరవై ఏళ్లకే చదువు ఆశ వదులుకొని ఇళ్ల పైకప్పులు వేసే పనికి కుదిరాడు. రెండవ అన్న సోడాపాప్ బడి మాని పెట్రోలు బంకులో చేరాడు. వీరి ముఠా గ్రీజర్లది. ఎదుటిది సంపన్నుల బిడ్డలైన సోషులది. ఒక రాత్రి సోషులు పోనీబాయ్‌ను పార్కులోని నీటితొట్టిలో ముంచి ఊపిరాడకుండా చేస్తుండగా, అతని మిత్రుడు జానీ కత్తితో ఒకణ్ణి పొడుస్తాడు. జానీకి పదహారేళ్లు. ఇంట్లో తండ్రి దెబ్బలకు, వీధిలో సోషుల దెబ్బలకు అలవాటుపడ్డ బాలుడతడు. మిత్రులిద్దరూ దూరంగా ఒక పాడుబడిన చర్చిలో తలదాచుకుంటారు.

అధికార బాధ్యతలలో ఉన్న పాఠకుడు ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. హత్య జరిగిన వెంటనే ఆ బాలురు పోలీసుల వద్దకు గాని, పెద్దల వద్దకు గాని పోలేదు; ముఠాలోని డాలీ వద్దకు పోయారు. కారణం నవలలో మొదటినుండీ ఉన్నది. ప్రభుత్వం దృష్టి తమపై పడితే ముగ్గురు అన్నదమ్ములను విడదీసి బాలుర వసతిగృహానికి పంపుతారన్న భయం ఆ ఇంటిని వెన్నాడుతూ ఉంటుంది. సాయం చేయవలసిన వ్యవస్థ శిక్షించే వ్యవస్థగా మాత్రమే కనిపించినప్పుడు, మధ్యనున్న ఆ ఖాళీలో ముఠా పుడుతుంది. తినడానికి ఇంత పెట్టేది, రాత్రి పడుకోవడానికి చోటిచ్చేది, ‘నీవెక్కడున్నావు’ అని అడిగేది ఆ ముఠాయే. హింటన్ దీనిని సిద్ధాంతంగా చెప్పలేదు. సంఘటనల వరుసలోనే చూపించింది.

ఈ విషయం మన చట్టానికీ సన్నిహితమైనదే. 1986 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మగపిల్లల విషయంలో పదహారేళ్లను హద్దుగా పెట్టింది. 2000 నాటి చట్టం ఆ హద్దును పద్దెనిమిదికి పెంచింది. 2015 చట్టం ప్రకారం, పదహారు నిండిన బాలునిపై ఘోరనేరం ఆరోపితమైతే, అతణ్ణి పెద్దవానిగా విచారించవచ్చునా అన్నది తేల్చడానికి జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక పరిశీలన చేయాలి. నేరం చేయగల శారీరక, మానసిక సామర్థ్యం, పర్యవసానాన్ని గ్రహించే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు - ఇవి పరిశీలనాంశాలు. జానీ మన గడ్డమీద పుట్టి ఉంటే సరిగ్గా ఈ గడప మీద నిలబడి ఉండేవాడు. మొదటి రెండు అంశాలకు నిపుణుల అభిప్రాయం దొరకవచ్చు. మూడవ అంశానికి, అంటే పరిస్థితులకు, ఎవరు సాక్ష్యం చెబుతారు? నవలలో ఆ సాక్ష్యం చెప్పినవాడు తోటి బాలుడు. బడిలో ఉపాధ్యాయుడు వ్రాయమన్న వ్యాసమే చివరకు ఈ నవల అవుతుంది.

అయితే ఈ నవలలోని పెద్ద బలహీనత కూడా ఇక్కడే ఉన్నది. బాలురు దాగిన చర్చికి నిప్పంటుకుంటుంది. విహారానికి వచ్చిన చిన్నపిల్లలు లోపల చిక్కుకుంటారు. మిత్రులిద్దరూ మంటల్లోకి దూకి వారిని రక్షిస్తారు. జానీ వెన్నెముక విరిగి, కొద్దిరోజులకే ఆస్పత్రిలో కన్నుమూస్తాడు. పత్రికలు వారిని వీరులని కొనియాడతాయి. పాఠకుని కళ్లు చెమరుస్తాయి. కాని ఇందులో ఒక బేరం దాగి ఉన్నది. పేదబాలుడు సానుభూతికి అర్హుడని నిరూపించుకోవాలంటే అగ్నిప్రవేశం చేయవలసిందేనా? మంటలు రాని ఊళ్లో, రక్షించడానికి ఎవరూ ఎదురుపడని బాలుని గతి ఏమిటి?

నిజానికి రచయిత్రికి ఈ నిప్పు అవసరం లేదు. అంతకు ముందే జానీ ఒక నిర్ణయానికి వస్తాడు. తిరిగి వెళ్లి లొంగిపోతానంటాడు. తన తల్లిదండ్రులు తనకోసం అడిగారా అని డాలీని ప్రశ్నిస్తాడు. సూటిగా జవాబు రాదు. అడగలేదని మనకు అర్థమవుతుంది. ఆ బాలుని నైతిక ఔన్నత్యమూ, అతని దుఃఖమూ ఆ చిన్న సంభాషణలోనే సంపూర్ణంగా ఉన్నాయి. పదహారేళ్ల రచయిత్రి ఆ సన్నివేశాన్ని అంత నిరాడంబరంగా వ్రాయగలగడం ఆశ్చర్యకరం. దానిమీద నమ్మకం చాలక మంటలను రప్పించడం ఆ వయస్సుకు సహజం.

చరిత్ర విద్యార్థికి కనిపించే మరొక లోటు ఉన్నది. హింటన్ చూపిన పరిస్థితులు ఇంటిగడప దాటి ఊరి గతంలోకి పోవు. టల్సాలో ఫ్రిస్కో రైలుపట్టాలకు ఉత్తరాన గ్రీన్‌వుడ్ అనే నల్లజాతివారి సంపన్న వాడ ఉండేది. 1921 మే 31, జూన్ 1 తేదీలలో శ్వేతజాతి మూక దానిమీద పడి ముప్పైఐదు వీధిఖండాల మేర తగులబెట్టింది. ఈ మారణకాండపై రాష్ట్రప్రభుత్వం నియమించిన సంఘం నివేదిక 2001లో గాని వెలువడలేదు. అదే నగరం నుండి వచ్చిన ఈ నవలలో ఇరుముఠాలవారూ తెల్లవారే. ఊరు దాచుకున్న పెద్ద హింస పిల్లల హింసను గురించిన పుస్తకంలోకి రాలేదు. ఇందుకు ఒక బాలికను నిందించడం న్యాయం కాదు. ఆ మౌనం ఊరు నేర్పినది.

రైలుపట్టాలు ఊరిని రెండుగా చీల్చడం మనకు పరాయి విషయం కాదు. బిలాస్‌పూర్‌లోని లాల్‌ఖదాన్ వంటి ప్రాంతాల తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. రైల్వే క్వార్టర్లు ఉద్యోగ శ్రేణినిబట్టి కేటాయింపబడతాయి. కనుక చిరునామా చెబితే తండ్రి హోదా తెలుస్తుంది. క్వార్టరు దక్కని కుటుంబపు బిడ్డకు ఆ హోదా కూడా ఉండదు. అటువంటిచోట పిల్లల గుంపులు ఎలా ఏర్పడతాయో, ఏ హద్దుల వద్ద కొట్లాడుకుంటాయో గ్రహించడానికి ఈ నవల పనికివస్తుంది. ఆ హద్దులను ఎవరు గీశారో మాత్రం మనమే వెదుక్కోవాలి.

మన సాహిత్యంలో చట్టం బీదవానిమీద ఎలా పనిచేస్తుందో విశాఖ న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రి తన సారా కథలలో చూపించారు. అక్కడ పరిహాసం వెనుక నుండి న్యాయవాది కన్ను చూస్తూ ఉంటుంది. ముఠాల కథ మనవారికి ఎక్కువగా చేరింది వెండితెర ద్వారా. 1989లో వచ్చిన రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ విజయానికి చెల్లించవలసిన మూల్యాన్ని దాచలేదు గాని, ప్రేక్షకుల స్మృతిలో నిలిచింది సైకిల్ చైనే. హింటన్ నవలలో గ్రీజర్లు చివరి కొట్లాటలో గెలుస్తారు. ఆ గెలుపువార్త విన్న జానీ కొట్లాటలన్నీ నిష్ప్రయోజనమని చెప్పి ప్రాణం విడుస్తాడు. గెలుపును ఇంత నిర్దాక్షిణ్యంగా ఖాళీచేసి చూపడం మన యువపాఠకులకు అవసరమైన పాఠం.

నవల చివర న్యాయమూర్తి పోనీబాయ్‌ను అడిగేవి కొన్ని సామాన్యమైన ప్రశ్నలు: ఇల్లెలా ఉన్నది, చదువెలా ఉన్నది? ఆ బాలుణ్ణి అన్నల వద్దనే ఉండనిస్తాడు. మంటల్లో చూపిన సాహసం అక్కడికి దారి సుగమం చేసి ఉండవచ్చు. కాని ఆ ప్రశ్నలు ఏ సాహసమూ చేయని బిడ్డకు కూడా చెందవలసినవే. నిప్పు అంటుకోకముందే అవి అడగగలిగిన పాలన ఉంటే, జానీ వంటివారికి అగ్నిపరీక్ష అవసరం ఉండదు.