రైలు కిటికీ ఫోటోకు చిరునామా

రైల్లోంచి తీసిన ఫోటో ఒకటి చేతికిచ్చి ఇదెక్కడో చెప్పమంటే మనలో చాలామందిమి మొదట దాని నడిమధ్యకే చూస్తాం. కొండో, వంతెనో, పొగగొట్టమో పోల్చుకోవాలని తంటాలు పడతాం. పని తెలిసినవాళ్ళు అంచుల నుంచి మొదలుపెడతారు. ఓ మూల సగం తెగిన కరెంటు స్తంభం, దాని పలక, పక్క లైన్లో ఆగిన వ్యాగన్ల రకం, కట్ట వారన నీడ పడిన దిక్కు, ఇవన్నీ చూశాక గానీ కొండ జోలికి పోరు. రైళ్ళ మీద మోజున్నవాళ్ళలో ఈ విద్య పట్టుబడినవాళ్ళు దేశమంతా ఉన్నారు. ఫలానా బండి, ఫలానా వైపు కిటికీ, ఫలానా రెండు స్టేషన్ల మధ్య అని వాళ్ళు తేల్చే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఆ పనితనం లోతు తెలియాలంటే మాత్రం విశాఖపట్నం ఫోటోలే చూడాలి.

గోదావరి దగ్గర ఈ పని సులువు. కొవ్వూరు, రాజమండ్రి మధ్య ఇనుప దూలాలు ఏటవాలుగా అడ్డుపడుతూ, నెత్తిన రోడ్డు అడుగుభాగం కనిపిస్తే అది 1974లో మొదలైన రోడ్డు కమ్ రైలు వంతెన. కాంక్రీటు విల్లు వంపు, దాన్నుంచి నిట్టనిలువుగా దిగిన కడ్డీలు పడితే 1997 నాటి ఆర్చి వంతెన, ఒక్కొక్కటి 97.55 మీటర్ల చొప్పున 28 ఆర్చీలది. పక్కన రైళ్ళు నడవని పాత వంతెన కనబడితే అది 1900 నుంచి 1997 దాకా బండ్లను మోసిన హేవ్‌లాక్ వంతెన. గోదావరి తన పేరు తానే చెప్పుకుంటుంది, గుర్తుపట్టినవాడి గొప్ప అందులో పెద్దగా లేదు.

విశాఖ దారిలో నదులు అలా పలకరించవు. తుని దగ్గర తాండవ, ఆ తర్వాత వరాహ, అనకాపల్లి దగ్గర శారద. విశాఖ దాటితే గోస్తని, నెల్లిమర్ల దగ్గర చంపావతి, శ్రీకాకుళం రోడ్ దగ్గర నాగావళి, ఇంకా పైకి వంశధార. ఏడాదిలో చాలా భాగం ఇసుక మధ్య సన్నటి నీటిపాయ. కిటికీలోంచి తీసిన ఫోటోలో ఒక వంతెనకీ ఇంకోదానికీ తేడా పట్టడం కష్టం. అందుకే వంతెనను చూసి వంతెన పేరు చెప్పరు. వంతెన చివర రాసి ఉండే నంబరు దొరుకుతుందేమో చూస్తారు. అది లేకపోతే ముందు ఫోటోలో ఏ స్టేషనుందో, తర్వాతి ఫోటోకీ దీనికీ ఎన్ని నిమిషాలు ఎడమో లెక్క కడతారు.

వాళ్ళ చేతిలో అన్నిటికంటే పదునైన పనిముట్టు కరెంటు స్తంభం. పైన ఓవర్‌హెడ్ వైరును మోసే ప్రతి స్తంభానికీ ఒక పలక ఉంటుంది. అందులో ఒక అంకె కిలోమీటరుది, ఇంకోటి ఆ కిలోమీటరులో స్తంభం వరుసది. రెండు స్తంభాల మధ్య ఎడం 72 మీటర్లు మించదు. అంటే పలక చదవగలిగితే ఫోటో తీసిన చోటు అంత దగ్గరగా దొరికినట్టే. ప్రయాణికులు విసుక్కుంటారు దీన్ని, అందమైన దృశ్యానికి అడ్డొచ్చిందని. నిజానికి ఫోటోలో సాక్ష్యమిచ్చేది అదే. బండి వేగానికి అంకెలు అలికేసినట్టు పడతాయి గనక ఒక ఫోటోలో పై అంకె, వెంటనే తీసిన ఇంకో ఫోటోలో కింది అంకె పట్టుకుని, రెంటినీ కలిపి చదువుతారు. ఆ ఓపికకు దండం పెట్టాలి.

ఇక దువ్వాడ. విజయవాడ వైపు నుంచి వచ్చే బండిలో కుడి కిటికీకి ఉక్కు కర్మాగారం వైపు కనిపిస్తుంది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని జనం రోడ్డెక్కితే, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగితే, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకునేసరికి 1990 వచ్చింది. దాని పేరు గోదావరి, తర్వాతి వాటివి కృష్ణ, అన్నపూర్ణ. ఆ పేర్లు మనకు ఎంత దగ్గరివైనా కిటికీలోంచి కనిపించేది పొగగొట్టాల గుంపే. ఇక్కడే కొత్తవాళ్ళు తడబడతారు. ఆకాశం తేటగా ఉన్న రోజు అదే వైపు, ఇంకా దక్షిణాన, నడుము సన్నగా ఉండే భారీ టవర్లు కూడా కనబడతాయి. అవి ఉక్కు ఫ్యాక్టరీవి కావు, పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రంలో నీటిని చల్లార్చే కూలింగ్ టవర్లు. రెంటినీ విడదీయడానికి పనివాళ్ళు ఒక్క ఫోటోతో సరిపెట్టుకోరు. వెంట వెంటనే తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెడతారు. దగ్గరిది గబగబా వెనక్కి జరుగుతుంది, దూరంది ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. ఏది ఎంత జరిగిందో చూస్తే ఏది ఏదో తేలుతుంది.

హార్బర్‌లోకి ఓడను తెచ్చే పైలట్లు నమ్మేదీ ఇలాంటి లెక్కనే. ఒడ్డున ముందూ వెనకా నిలబెట్టిన రెండు గుర్తులు ఒకే వరుసలోకి వస్తే ఓడ దారిలో ఉన్నట్టు, విడిపోతే పక్కకు జరిగినట్టు. 1933లో మొదలైన ఇన్నర్ హార్బర్‌కు వెళ్ళే ఇరుకు కాలువ పక్కనే యారాడ కొండ కొస సముద్రంలోకి పొడుచుకు వస్తుంది, సముద్రమట్టానికి 174 మీటర్ల ఎత్తున. డాల్ఫిన్స్ నోస్ అని ప్రపంచానికి తెలిసిన ఈ కొండ చుట్టూ ఒక చిక్కుంది. రామకృష్ణా బీచ్‌లో నిలబడి తీసిన ఫోటోలన్నిటిలో మనం చూసి చూసి ఉన్న ఆ ముక్కు రైలు వైపు నుంచి ముక్కులా ఉండదు. పొడుగాటి కొండవరుస ఒకటి కనిపిస్తుంది, దాని చివర ఎక్కడో లైట్‌హౌస్ కొండ. ఊరి గుర్తులన్నీ సముద్రం వైపు ముఖం పెట్టి ఉంటే, రైలు ప్రయాణికుడికి దొరికేది వాటి వీపు. పోస్టు కార్డు బొమ్మలతో పోల్చి చూస్తే ఈ ఫోటోలు ఎన్నటికీ తేలవు.

వ్యాగన్లు కొంత చెబుతాయి. ఎర్రదుమ్ము పట్టిన టాపులేని వ్యాగన్లు బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని కొత్తవలస–కిరండూల్ లైన్ మీదుగా తెచ్చేవి కావచ్చు. ట్యాంకు వ్యాగన్ల బారు కనిపిస్తే 1957లో కాల్టెక్స్‌గా మొదలై ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్న రిఫైనరీ గుర్తొస్తుంది. కానీ కదిలే వస్తువు సాక్ష్యాన్ని మంచి పనివాళ్ళు చివరన పెడతారు, అది సబబే.

విశాఖను అసలు పరీక్షగా మార్చింది స్టేషనే. కోణార్క్, కోరమాండల్ లాంటి బండ్లు దువ్వాడ వైపు నుంచి వచ్చి, ఇక్కడ ఇంజను రెండో కొసకు తగిలించుకుని, వచ్చిన దారినే మర్రిపాలెం మీదుగా గోపాలపట్నం దాకా వెనక్కి వెళ్ళి, అక్కడ పెందుర్తి, కొత్తవలస వైపు చీలతాయి. సీటు కదలని ప్రయాణికుడికి ఆ ముక్క రెండుసార్లు కనిపిస్తుంది, అదే కిటికీలోంచి, తలకిందులైన వరుసలో. మరి మర్రిపాలెం దగ్గరి ఫోటో వస్తున్నప్పుడు తీసిందా, పోతున్నప్పుడు తీసిందా? దృశ్యంలో తేడా ఏమీ ఉండదు. తేడా స్తంభాల ఒంపులో ఉంటుంది. ఫోను కెమెరా సాధారణంగా బొమ్మనంతా ఒకేసారి పట్టుకోదు, ఒక అంచు నుంచి రెండో అంచుకు వరస వరసగా చదువుకుంటూ పోతుంది. ఆ లోపల బండి కదులుతుంది గనక దగ్గరి స్తంభాలు ఒరిగినట్టు పడతాయి, దూరపు పొగగొట్టాలు నిటారుగానే ఉంటాయి. అదే ఫోను, అదే పట్టు అయితే, రాకలో ఒకవైపు ఒరిగిన స్తంభాలు పోకలో రెండోవైపు ఒరుగుతాయి. లోపమని అందరూ తీసిపారేసే వంకరను ఆధారంగా మలుచుకున్న ఈ తెలివి నాకు అన్నిటికంటే నచ్చింది.

సింహాచలం కొండతో చేసే తర్కం ఇంకో మెట్టు పైన ఉంటుంది. స్టేషన్లోకి వస్తున్నప్పుడు కొండ ఎడమ కిటికీకి. బండి వెనుదిరిగాక ఆ కిటికీయే కుడిది అవుతుంది, కొండ కూడా కుడికే ఉంటుంది. ఆషాఢంలో భక్తులు నడిచే 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణలో ఓ ముక్క బండే చేయించినట్టు. అలాంటప్పుడు ఒకే కిటికీలోంచి తీసిన వరుసలో దువ్వాడ దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాలూ, పెందుర్తి దగ్గర సింహాచలం కొండా రెండూ ఉంటే ఏమనుకోవాలి? ప్రయాణికుడు సీటు మారకపోతే ఒకటే జవాబు. ఆ బండి విశాఖపట్నం స్టేషన్లోకి రానేలేదు, దువ్వాడ నుంచి సింహాచలం నార్త్ మీదుగా బయటి దారి పట్టింది. ఫోటోలో లేని స్టేషన్‌ను ఫోటోతో రుజువు చేయడమంటే ఇదే.

తేదీ పట్టడం మరో విద్య. పసుపు పలక మీద వాల్తేరు అని ఉంటే స్టేషన్ పేరు మారకముందటి ఫోటో. కొండలు బోడిగా, మోడుబారిన చెట్లతో ఉంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తర్వాతి కాలమేమో చూడాలి. నీడల దగ్గర మాత్రం జాగ్రత్త. మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుందన్న సూత్రం ఇక్కడ ఏడాదంతా చెల్లదు. విశాఖ ఉన్న అక్షాంశం 17.7 డిగ్రీలు. మే రెండో వారం తర్వాత నుంచి జులై చివరి దాకా నడినెత్తి సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు, నీడ దక్షిణానికి పడుతుంది. వేసవి సెలవుల ఫోటోలే మన దగ్గర ఎక్కువ గనక ఇది చిన్న విషయమేం కాదు.

అరకు బండి ఫోటోల సంగతి వేరు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ వరుసలో సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. లోయలు, వంతెనలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అక్కడ పనికొచ్చేవి ఎవరూ దాచుకోని చీకటి ఫోటోలు. ఏ రెండు నల్ల ఫోటోల మధ్య ఈ లోయ పడిందో తెలిస్తే దాని చోటు దొరికినట్టే. శిమిలిగూడ పలక దొరికితే మరీ మంచిది, సముద్రమట్టానికి 996.32 మీటర్లని ఆ స్టేషన్ తన ఎత్తు తానే చెబుతుంది.

ఇంత తెలిసినవాళ్ళలో నాకు గౌరవం కలిగించేది వాళ్ళు చెప్పేది మాత్రమే కాదు, చెప్పకుండా ఆగేది కూడా. ‘శారద కావచ్చు, వరాహ కాదని అనలేను’ అని వదిలేసిన జవాబు, తొందరపడి పెట్టిన పేరు కంటే ఎక్కువ పనితనం ఉన్నది.

మీ ఇంట్లో రైలు ఫోటోలుంటే చీకటివీ, స్తంభం అడ్డొచ్చినవీ, మసకగా పడ్డవీ చెరిపేయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో సమయం, స్థలం వివరాలు పోతాయి, అందుకని అసలు ఫైలు దాచండి. దాని పేరులో బండి నంబరు, తేదీ, కూర్చున్న వైపు రాసిపెట్టండి. విశాఖ మీదుగా వెళ్ళిన బండి అయితే, ఇంజను మారకముందా తర్వాతా అన్నది కూడా.