చెయ్యి అందే చోట ఫ్యూజు

అంబాసిడర్ బానెట్ ఎత్తగానే ఎలక్ట్రీషియన్ చూపు కుడివైపు పోతుంది. డైనమో, డిస్ట్రిబ్యూటర్, సెల్ఫ్ మోటార్, కరెంటు సంసారమంతా అటే. ఎడమవైపు కార్బురేటర్, సైలెన్సర్ మానిఫోల్డ్, వాటి వేడి. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ చుట్టూ చోటుకు కొదవ లేదు గానీ డిస్ట్రిబ్యూటర్ మాత్రం కిందికి ఒదిగి కూర్చుంటుంది. పాయింట్ల సందు 0.015 అంగుళం ఉండాలి. మడ్‌గార్డు మీద పొట్ట ఆనించి, ఒక చేత్తో ఫీలర్ గేజ్, ఇంకో చేత్తో స్క్రూ డ్రైవర్ పట్టుకుని ఆ సందు సరిచూడటం ఓపిక ఉన్నవాళ్ల పని. ఇదే కొలత ఇంజిన్ బ్రిటన్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఉండేది. అక్కడి మెకానిక్ నడుమూ ఇలాగే వంగి ఉంటుంది.

గొల్లపల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఒకప్పుడు అంబాసిడర్ అంటే పెళ్లి కారు. వేములవాడకో ధర్మపురికో ఇంటిల్లిపాదీ ఇరుక్కుని కూర్చుని వెళ్లిన బండి. 1950ల చివర్లో మొదలైన ఆ కారు తయారీ 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆగిపోయింది. తాత కొన్న బండిని మళ్లీ రోడ్డెక్కించాలనుకునే మనవళ్లు ముందుగా రంగుకూ సీట్ల రెగ్జిన్‌కూ డబ్బు పెడతారు. వైరింగ్ వంతు చివరికి వస్తుంది. అసలు మొదట రావలసింది అదే.

ఎందుకంటే ఇక్కడి ఎండ వేరు. జగిత్యాల జిల్లాలో వేసవిలో పాదరసం 45 డిగ్రీలు దాటుతుంది. దానికి ఇంజిన్ వేడి తోడైతే పాత వైరు తొడుగు ఎండిన చింతకాయ పెంకులా పెళుసెక్కుతుంది. వేళ్లతో వంచితే పొడిపొడిగా రాలి, లోపలి రాగి బయటపడుతుంది. ఆ రాగి బాడీకి తగిలిందంటే పొగే. ఫ్యూజు కాపాడాలి, కానీ చెయ్యి అందని మూలలో ఉన్న ఫ్యూజును ఎవరు పట్టించుకుంటారు? కాలిపోయిన చోట సిగరెట్ రేకు చుట్టి బండి కదిలిస్తారు. ఆ రేకు ఎంత కరెంటుకు తెగుతుందో ఎవరికీ లెక్క ఉండదు.

అందుకే ఫ్యూజులూ రిలేలూ ఒక పలక మీద చేర్చి, వేడికి దూరంగా, బానెట్ ఎత్తగానే కనిపించే చోట బిగించడం చిన్న పనిలా కనిపించే పెద్ద మేలు. కొత్త బ్లేడ్ ఫ్యూజులు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. లూకాస్ కంపెనీ పద్ధతి పాత గాజు ఫ్యూజు మీద 35 ఆంపియర్లు అని ఉంటుంది. అది కాలిపోయే హద్దు. ఎడతెగకుండా మోసేది 17 మాత్రమే. అంకె చూసి అక్కడ 35 బ్లేడ్ పెడితే, ఫ్యూజు కన్నా ముందు వైరే కాలుతుంది.

రిలే సంగతి ఇంకా తేలిక. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు. అదంతా డాష్‌బోర్డులోని పాత స్విచ్ గుండా పోతుంటే స్విచ్ వేడెక్కుతుంది, లైటు మసకబారుతుంది. రిలే పెడితే స్విచ్‌కు దాని కాయిల్‌ను లాగేంత కాస్త కరెంటు చాలు. 30 నంబరు కాలికి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా సరఫరా, 87 నుంచి లైట్లకు, 85, 86 కాయిల్‌కు. నాలుగు కాళ్లు, అంతే.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పాలి. ఏది ఎర్తో కూడా చూసుకోవాలి. పాత బ్రిటిష్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టేవాళ్లు ఇది మరిస్తే కొత్త ఆల్టర్నేటర్ డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

రంగులు మార్చకపోవడం ఇంకో మర్యాద. లూకాస్ లెక్కలో గోధుమరంగు ఎప్పుడూ కరెంటుండే వైరు, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఇగ్నిషన్ ఫ్యూజు దాటాక వచ్చేది, నీలం హెడ్‌లైట్లు, నలుపు ఎర్త్. దుకాణంలో ఎర్ర వైరు చుట్ట ఒక్కటే ఉందని అన్నిటికీ అదే లాగితే తర్వాత వచ్చేవాడికి నరకం. రేకు రంధ్రం దాటే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ వేయాలి, కొసన ఒక జానెడు వైరు అదనంగా వదలాలి. మళ్లీ లగ్గు కొట్టాల్సి వస్తే ఆ జానెడే ఆదుకుంటుంది.

పని పూర్తయ్యాక ఏ ఫ్యూజు దేనిదో ఒక చీటీ మీద తెలుగులో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఫ్యూజుల పెట్టె మూత లోపల అతికిస్తే బాగుంటుంది. రాత్రి ధర్మపురి రోడ్డు మీద లైట్లు ఆరిపోతే, ఫోన్ టార్చ్ వెలుగులో ఆ చీటీ చదివేది బండి నడిపే ఇంటి పిల్లవాడే కావచ్చు.