ఎనభై ఏడో వంతు రైల్వే

1891 వసంతంలో జర్మనీలోని లైప్‌జిగ్ సంతకు మార్‌క్లిన్ సంస్థ ఒక రైలు బొమ్మను తెచ్చింది. అంతకుముందు ఆ సంస్థ పేరు బొమ్మరిళ్లకు రేకు గిన్నెలూ పొయ్యిలూ చేయడంలో వినిపించేది. కీ ఇస్తే పరుగెత్తే రైళ్లు అప్పటికే యూరప్ పిల్లలకు తెలుసు. మార్‌క్లిన్ చూపిన కొత్తదనమంతా పట్టాల్లోనే ఉంది. రెండు పట్టాల మధ్య ఎడం ఎంతుండాలో తేల్చి, ఆ కొలతలకు అంకెలు పెట్టి, అదే కొలతకు సరిపోయే ఇంజన్లు, పెట్టెలు, దారి మార్చే పాయింట్లు విడివిడిగా అమ్మడం మొదలుపెట్టింది. ఈ పండక్కి గుండ్రంగా తిరిగే చిన్న దారి కొన్నవాళ్లు వచ్చే పండక్కి దానికో లూప్‌లైను కలుపుకోవచ్చు. పక్కింటి పిల్లవాడు తన బండి తెచ్చినా ఆ పట్టాల మీద నడుస్తుంది.

రైలు నమూనాల సరదా నూట ముప్పై ఏళ్లకు పైగా నిలబడింది ఆ ఉమ్మడి కొలత మీదే. చూసేవాళ్లకు ఇది ఒక గదిలో ఒక మనిషి ఒంటరిగా చేసుకునే కాలక్షేపంలా ఉంటుంది. లోపలికి వెళితే సంగతి వేరు. ఒకరు చేసిన బండి మరొకరి పట్టాల మీద పడిపోకుండా నడవాలనే పట్టుదలే ఈ విద్యలో సగం లెక్కలను పుట్టించింది. మెకానో బొమ్మల సృష్టికర్త ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో లివర్‌పూల్‌లో కీ రైళ్లు తయారు చేయించాడు. అమెరికాలో 1935లో పుట్టిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ చక్రాల అంచుల దగ్గర్నుంచి పట్టాల ఎడం దాకా నియమాలు రాసింది. బొమ్మ నమూనాగా ఎదిగింది ఈ దారిలోనే.

ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ. అసలు వస్తువులో ఎనభై ఏడో వంతు. మన ఎక్స్‌ప్రెస్ బోగీ ఈ కొలతలో సుమారు పాతిక సెంటీమీటర్లు వస్తుంది. ఇరవై నాలుగు బోగీలు కడితే ఆరు మీటర్లు, అంటే మామూలు ఇంట్లో ఏ గదీ చాలదు. అందుకే చాలామంది ఎనిమిది బోగీలతో సరిపెడతారు. మలుపులను నిజం కంటే బిగిస్తారు, రెండు స్టేషన్ల మధ్య దూరాన్ని కొండ వెనకో సొరంగంలోనో దాచేస్తారు. ఏది తీసేసినా ఆ ఊరు ఆ ఊరిలాగే కనబడాలంటే ఏది ఉంచాలో ముందు తెలియాలి. స్టేషన్ పేరు రాసిన పసుపు బోర్డు, నీళ్ల ట్యాంకు, ప్లాట్‌ఫాం చివరి వేపచెట్టు ఉంటే మన కన్ను మిగతాది తనే పూరించుకుంటుంది.

భారతీయ రైళ్లను చేసేవారికి మరో చిక్కుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల యూరప్, అమెరికా పట్టాలకు సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి 19.3 దాకా రావాలి. బజారు పట్టాల మీద మన బోగీని నిలబెడితే చక్రాలు లోపలికి జరిగి, పెట్టె పక్కలకు ఉబ్బినట్టుంటుంది. కొందరు ఆ తేడాతో రాజీపడి అందరి పట్టాల మీదా నడిచే వీలును దక్కించుకుంటారు. కొందరు పట్టుబట్టి తమ పట్టాలు తామే వేసుకుంటారు. రెండు పక్షాలకూ తమ కారణాలున్నాయి.

పనితనం చూడాలంటే కంకర పోసే చోట నిలబడాలి. పట్టాల మధ్య సన్నటి రాతిపొడి చల్లి, మెత్తటి కుంచెతో ఒక్కో స్లీపరు పక్కకూ సర్దుతారు. ఆపైన నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క కలిపి పిచికారీ చేస్తారు. సబ్బు లేని నీరు పొడిమీద ముత్యాల్లా నిలిచి, దొర్లుతూ కంకరను లేపుకుపోతుంది. సబ్బు కలిస్తే లోపలికి ఇంకుతుంది. అప్పుడు నీళ్లతో పలచన చేసిన ఫెవికాల్‌ను మందుచుక్కల గొట్టంతో పోస్తారు. తెల్లగా పరుచుకున్న జిగురు తెల్లారేసరికి ఆరి మాయమవుతుంది, కంకర కదలదు. పాయింట్ల దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టాలి. కదిలే నాలుకల మధ్య ఒక్క రేణువు ఇరుక్కున్నా బండి పట్టా తప్పుతుంది. చివరగా పట్టాల నెత్తిన ఉన్న జిగురు పొర తుడవాలి. ఇంజన్‌కు కరెంటు అందేది అక్కడి నుంచే.

ఆ కరెంటు కథ కూడా కలిసి ఆడుకోవడం గురించే. పాత పద్ధతిలో పట్టాల్లో కరెంటు పెంచితే వాటి మీదున్న ఇంజన్లన్నీ ఒకేసారి కదిలేవి. ఇద్దరు డ్రైవర్లు రెండు బండ్లు వేరువేరుగా నడపాలంటే దారిని ముక్కలుగా విడదీసి, ముక్కకో స్విచ్చు పెట్టాల్సి వచ్చేది. 1990లలో ప్రమాణంగా స్థిరపడిన డిజిటల్ పద్ధతిలో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, దానితోపాటే ఆజ్ఞలూ ప్రయాణిస్తాయి. ఇంజన్ కడుపులోని చిన్న పలక తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే వింటుంది. అంతకు చాలాముందే, 1946లో మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో మొదలైన విద్యార్థుల రైలు క్లబ్బు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ రిలేలతో తమ పట్టాలను నడిపింది. బల్ల కింద ఆ తీగలు అల్లిన కుర్రాళ్లలో కొందరు ఆ తర్వాత విశ్వవిద్యాలయం కంప్యూటర్ల ముందు కూర్చుని తొలితరం ప్రోగ్రామర్లయ్యారు.

అందం విషయానికొస్తే ఇంగ్లండులోని లాంగ్ విట్నమ్ గ్రామంలో ఉన్న పెండన్ మ్యూజియం చూడదగ్గది. ఆస్ట్రేలియా నుంచి 1925లో వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే యువకుడు ఆ చుట్టుపక్కల గడ్డికప్పుల ఇళ్లు కళ్లముందే మారిపోవడం చూసి, పోకముందే వాటిని నమూనాల్లో నిలపాలనుకున్నాడు. 1954లో మ్యూజియం మొదలైంది. అట్టగోడల మీద ఇటుకలు గీసి, ఒక్కోదానికీ వేరుగా రంగులద్ది కట్టిన ఇళ్లవి. ఒక్క ఇంటికి నెలలు పట్టవచ్చు. ఆయన పోయాక కూడా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు అదే పద్ధతిలో ఆ పల్లెను కడుతూనే ఉన్నారు.

అమెరికాలోని మాంటెరీలో జాన్ ఆలెన్ తన ఇంట్లో కట్టిన కొండల రైల్వేకు అలాంటి అదృష్టం లేదు. 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్దిరోజులకే అది మంటల్లో పోయింది. కానీ ఆలెన్ వృత్తిరీత్యా ఫొటోగ్రాఫరు. ఇంజన్ల మీద మసి, తుప్పు, ఎండకు వెలిసిన రంగు ఎలా తేవాలో ఆయన తీసిన చిత్రాలు పత్రికల్లో చూసి ఒక తరం నేర్చుకుంది. తన పనితనాన్ని ఎవరికీ చూపకుండా దాచుకుని ఉంటే ఆ విద్య ఆయనతోనే పోయేది.

కలిసి నడపడానికి అసలైన మార్గం మాడ్యూళ్లు, అంటే ఒకదానికొకటి బిగించుకునే బల్లలు. 1970లలో కాలిఫోర్నియాలో రూపుదిద్దుకున్న ఎన్‌ట్రాక్ పద్ధతిలో ఒక్కో బల్ల వెడల్పు రెండడుగులు, పొడవు నాలుగడుగులు. ముందువైపు మూడు లైన్లు నిర్ణీత దూరంలో ఉండాలి, వెనకాల చేసినవారి ఇష్టం. ఒకరి బల్ల మీద ఓడరేవు, ఇంకొకరి దాని మీద ఎడారి. హాల్లో బల్లలన్నీ బిగిస్తే బండి రెండూ దాటిపోతుంది. కొన్ని బృందాల్లో ప్రతి గూడ్స్ పెట్టెకూ ఒక కార్డు ఉంటుంది, అందులో అది చేరాల్సిన చోటు రాసి ఉంటుంది. డ్రైవర్లు ఆ కార్డులు చూసుకుంటూ షంటింగ్ చేస్తారు, మరొకరు లైన్ క్లియర్ ఇస్తారు.

మన దేశంలో రైలు నమూనాల ముచ్చట చూడాలంటే పుణె వెళ్లవచ్చు. భావుసాహెబ్ జోషి తన జీవితకాలపు అభిరుచిని 1998లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియంగా జనానికి తెరిచారు. జర్మనీలో అయితే హాంబర్గ్‌లో 2001లో కవల సోదరులు మొదలుపెట్టిన మినియటూర్ వుండర్‌లాండ్‌లో పట్టాలు పదిహేను కిలోమీటర్లు దాటాయి.

తెలుగువారికి చేయదగ్గ పని గోదావరి మీదే ఉంది. 1900లో ప్రారంభమై 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెనకు 56 ఖానాలు, ఒక్కోటి సుమారు 45 మీటర్లు. ఎనభై ఏడో వంతులో ఒక్క ఖానా అరమీటరు పైనే, మొత్తం వంతెన దాదాపు 29 మీటర్లు. ఒక ఇంట్లో పట్టదు. మాడ్యూళ్ల పద్ధతిలో రాజమండ్రి, విశాఖ, విజయవాడ, సికింద్రాబాద్‌లలో తలా రెండు ఖానాలు చేసేవాళ్లు 28 మంది దొరికితే ఒక కల్యాణమండపంలో కొవ్వూరు నుంచి రాజమండ్రి దాకా బండి నడపవచ్చు. వాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది పట్టాల ఎడం 16.5 ఉండాలా, 19.3 ఉండాలా అన్నదే.